కదలని పూలు, కదిలే చూపు

(ఆదివారం ఉదయం కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

ఒకవైపు స్టవ్ మీద సాంబారు, ఇంకోవైపు రేడియో పెట్టుకుని వింటున్న అక్కచెల్లెళ్ళకూ, పిల్లల్ని ఈత క్లాసుకు తీసుకెళ్తూ కారులో వింటున్న అన్నదమ్ములకూ, మన దేశం నుంచి పిల్లల దగ్గరికి వచ్చి "ఈ చలిలో బయటికేం పోతాంలే" అని కిటికీ పక్కన కూర్చున్న అమ్మలకూ నాన్నలకూ, అందరికీ నమస్కారం.

ఈవేళ నేను మాట్లాడబోయేది పూలు సర్దడం గురించి. అందులోనూ ఒక్క విషయం గురించే: పూల అమరికలో లయ, కదలిక. వినగానే మీకు నవ్వు రావచ్చు. పాటకు లయ ఉంటుంది, ఆటకు కదలిక ఉంటుంది, నీళ్ళలో నిలబెట్టిన పూలకు లయేమిటి, కదలికేమిటి అని. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

పోయిన ఫిబ్రవరిలో ఒకరి అంత్యక్రియలకు నేను పూలు సర్దవలసి వచ్చింది. నాకు ఈ విద్య నేర్పిన మనిషి అంత్యక్రియలకే. ఆ రోజు ఏం చేశానో, ఏం చేయబోయి మానుకున్నానో చివర్లో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు నాలుగు సంగతులు తెలియాలి. అందుకని మొదటినుంచీ వస్తాను.

మేము ఇంగ్లండు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మాది హనుమకొండ. ఇక్కడ మా పక్కింట్లో ఒక ఇంగ్లీషు పెద్దావిడ ఉండేవారు. తనను పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు. మా అమ్మ కన్నా పెద్దావిడను పేరు పెట్టి ఎలా పిలుస్తాం? "ఆంటీ" అనే పిలిచాను. ఆవిడ నవ్వుకుని ఊరుకున్నారు. ఆవిడే నన్ను మా ఊరి ఫ్లవర్ క్లబ్‌కు తీసుకెళ్ళారు. ఈ దేశంలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఇలాంటి క్లబ్బులు ఉంటాయి. నెలకొకసారి ఊరి హాలులో కలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇవి బాగా పెరిగాయి. 1959లో వీటన్నిటినీ కలిపి ఒక జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు.

ఆ క్లబ్బులో మొదటి పోటీకి నేను సూపర్ మార్కెట్ నుంచి మూడు గుత్తులు కొనుక్కెళ్ళాను. ఎర్ర జెర్బెరాలు, పసుపు చామంతులు, తెల్లగా చిన్నచిన్నగా ఉండే జిప్సోఫిలా. పెద్ద గాజు వేజులో నిండుగా, ఎక్కడా సందు కనిపించకుండా సర్దాను. నా దృష్టిలో లక్ష్మీకళ ఉట్టిపడుతోంది. తీర్పు చెప్పేవారు బల్ల మీద ఒక చిన్న కార్డు పెట్టి వెళ్ళారు. పూలు తాజాగా ఉన్నాయి, రంగులు బాగున్నాయి, కానీ చూపు ఒకేచోట ఆగిపోతోంది అని అందులో రాసి ఉంది.

నాకు కష్టం వేసింది. వీళ్ళకు మన నిండుతనం తెలియదులే అనుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో ఆంటీ ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరాక ఆ వేజును బల్ల మీద పెట్టి, "కళ్ళు మూసుకో, ఇప్పుడు తెరువు. నీ చూపు మొదట ఎక్కడ పడింది?" అని అడిగారు. మధ్యలో ఉన్న పెద్ద ఎర్ర జెర్బెరా మీద పడింది. "తరువాత ఎటు వెళ్ళింది?" అన్నారు. ఎటూ వెళ్ళలేదండీ. అక్కడే కూర్చుంది.

ఈ విద్య మొత్తం ఆ ప్రశ్నలోనే ఉందని నాకు తరువాత తెలిసింది. పూలు కదలవు, కదిలేది మన చూపు. ఆ చూపుకు ఒక దారి చూపించడమే కదలిక. ఆ దారిలో అడుగులు ఏ ఎడంలో పడాలో, ఎక్కడ త్వరగా, ఎక్కడ నెమ్మదిగా పడాలో, ఎక్కడ కాస్త ఆగాలో ఏర్పాటు చేయడమే లయ. పూలు ఎన్ని ఉన్నాయన్నది దీనికి ముఖ్యం కాదు.

ఇప్పుడు ఆ అడుగులు ఎలా వేయించాలో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, మళ్ళీ మళ్ళీ రావడం. ఇది మన చేతికి కొత్త కాదు. మాల కట్టే అలవాటున్న వాళ్ళు గుర్తు తెచ్చుకోండి. ఇటు రెండు మల్లెలు, అటు రెండు మల్లెలు, ఒక ముడి. నాలుగు ముళ్ళయ్యాక ఒక మరువం రెమ్మ, ఆ తరువాత కనకాంబరాలు, మళ్ళీ మల్లెలు. కదంబమాల చూస్తుంటే కన్ను తెలుపు మీంచి ఆకుపచ్చకు, అక్కణ్ణుంచి నారింజకు తాళం వేసుకుంటూ వెళ్తుంది. వేజులోనూ అంతే. ఒక ఎర్ర పువ్వు ఒకేచోట ఉంటే కన్ను అక్కడికి వెళ్ళి ఆగుతుంది. అదే ఎరుపు ఇంకాస్త కింద, మళ్ళీ ఇంకాస్త పక్కన కనిపిస్తే, మొదటి దాని నుంచి రెండోదానికి, రెండో దాని నుంచి మూడోదానికి వెళ్తుంది. మళ్ళీ వచ్చేది పువ్వే కానక్కరలేదు. రంగు కావచ్చు, గుండ్రటి ఆకారం కావచ్చు, కోసుగా ఉన్న ఆకు కావచ్చు.

అయితే ఒక జాగ్రత్త. ఒకే సైజు పువ్వును ఒకే ఎడంతో పెట్టుకుంటూ పోతే అది గడియారం టిక్కుటిక్కులా ఉంటుంది. రెండో సంగతి అందుకే కావాలి.

రెండోది, క్రమంగా మారడం. మన బతుకమ్మ చూడండి. మా నాయనమ్మ బతుకమ్మ పేరుస్తుంటే నేను తంగేడు పూలు అందించేదాన్ని. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, గునుగు పూలకు రంగులద్ది, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, ఒక వరుస బంతి, పైకి వెళ్ళే కొద్దీ చుట్టు చిన్నది చేసుకుంటూ, కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. నేను తొందరపడి ఒక వరుస లావుగా పెడితే "కింద పెద్దయి, పైకి వొయ్యేకొద్ది చిన్నయి బిడ్డా. వరుస తప్పితే బతుకమ్మ వంగుతది" అనేది. నాయనమ్మ చెప్పింది బరువు గురించి. కానీ అదే మాట చూపుకూ వర్తిస్తుందని నాకు ఇక్కడ ఊరి హాలులో కూర్చున్నాక తెలిసింది. కింది పెద్ద చుట్టు నుంచి కొస దాకా కన్ను ఎక్కడా తడబడకుండా ఎక్కేస్తుంది. పూలజడ కూడా అంతే. తల దగ్గర వెడల్పుగా మొదలై నడుము దగ్గరికి సన్నబడుతుంది. సన్నబడుతున్న వైపుకు చూపు దానంతట అదే జారుతుంది.

వేజులో దీన్ని ఎలా తీసుకురావాలి? పెద్దవి, బాగా విచ్చినవి, ముదురు రంగువి కింద, వేజు అంచుకు దగ్గరగా పెట్టండి. సగం విచ్చినవి మధ్యలో, మొగ్గలు, లేత రంగువి కొసల్లో. పువ్వుకూ పువ్వుకూ మధ్య ఎడం కూడా కిందనుంచి పైకి పెంచుకుంటూ వెళ్ళండి. స్ప్రే కార్నేషన్ అని ఒక కాడకు నాలుగైదు పూలున్నవి దొరుకుతాయి చూడండి. ఆ ఒక్క కాడలోనే మొగ్గ, సగం విచ్చింది, పూర్తిగా విచ్చింది మూడూ ఉంటాయి. తక్కువ ఖర్చులో నేర్చుకోవడానికి అంతకంటే మంచి పువ్వు లేదు.

మూడోది, గీత. చూపు నడిచే దారికి ఒక ఆకారం ఉండాలి. ఇంగ్లీషు క్లబ్బుల్లో హోగార్త్ వంపు అని ఒక మాట తరచుగా వినిపిస్తుంది. విలియం హోగార్త్ 18వ శతాబ్దపు లండన్ చిత్రకారుడు. 1745లో తన బొమ్మ తానే వేసుకుంటూ, పక్కన తన పెంపుడు కుక్కనూ, ముందు రంగుల పలకనూ వేసి, ఆ పలక మీద ఒక వంపు గీత గీసి దానికి సౌందర్య రేఖ అని పేరు పెట్టాడు. ఆ బొమ్మ టేట్ బ్రిటన్ మ్యూజియం వారిది. 1753లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లీషు ఎస్ అక్షరంలా అటు వంగి ఇటు వంగే గీతలో కన్ను వెంటపడే ఆనందం ఉంటుందని ఆయన వాదం. ఇరవయ్యో శతాబ్దంలో పూలు సర్దేవాళ్ళు ఆ గీతను తీసుకుని, పైన ఒక వంపు, కింద వేజు అంచు దాటి జారే ఇంకో వంపుగా అమర్చి దానికి ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆంటీ నాకు ఆ గీత చూపించినప్పుడు నాకు రామప్ప గుడి గుర్తొచ్చింది. పాలంపేటలో 1213లో కట్టిన ఆ గుడి మా ఊరికి ఎంతో దూరం లేదు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బయట చూరు కింద నల్లరాతి మదనికలున్నాయి చూశారా? తల ఒక పక్కకు, నడుము ఇంకో పక్కకు, మోకాలు మళ్ళీ ఇటు. రాయి కదలదు, కానీ ఆ అమ్మాయి ఇప్పుడే అడుగు వేయబోతోందనిపిస్తుంది. మన త్రిభంగి, హోగార్త్ గారి గీత రెండూ ఎవరికి వారు కనిపెట్టుకున్నవే. కానీ రెండింటిలోనూ కన్నుకు దొరికే సుఖం ఒకటే.

ఈ వంపును పూలతో చేయలేం, కొమ్మలతో చేయాలి. అందుకని ముందు కొమ్మ, తరువాత పువ్వు. తోటలో ఒక కొమ్మ కోసే ముందు దాన్ని వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక వైపు నుంచి తిన్నగా కనిపించేది ఇంకో వైపు నుంచి అందంగా వంగి ఉంటుంది. విల్లో లాంటి మెత్తటి కొమ్మలైతే కాసేపు నీళ్ళలో నానబెట్టి, అరచేతి వేడితో నెమ్మదిగా నిమురుతూ వంచితే వంగుతాయి. అన్ని కాడలూ కింద ఒకే చోటు నుంచి పుట్టినట్టు ఉండాలి. మొక్క అలాగే కదా పెరుగుతుంది. తలోచోటు నుంచి లేస్తే గీత తెగుతుంది, చూపు తికమక పడుతుంది.

నాలుగోది మన వాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది. అది ఖాళీ. మనకు నిండుదనం శుభం. నిండు కుండ, నిండు ముత్తైదువ, నిండు పండగ. పూలు తక్కువైతే పిసినారితనం అనుకుంటారేమో అని భయం. నేను ఇన్నేళ్ళుగా నేర్చుకుంటున్నా నా చెయ్యి ఇప్పటికీ సందు కనిపిస్తే పువ్వు గుచ్చడానికే వెళ్తుంది.

మీ పిల్లలు సంగీతం నేర్చుకుంటుంటే ఆదితాళం వేయమనండి. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క. మళ్ళీ దెబ్బ, విసురు. దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. ఆ విసురు దగ్గర చెయ్యి తిప్పడమే గానీ చప్పుడు లేదు. చప్పుడు లేదని దాన్ని లెక్కలోంచి తీసేస్తామా? తీసేస్తే తాళమే పోతుంది. పూల మధ్య ఖాళీ కూడా విసురు లాంటిదే. అక్కడ పువ్వు లేదు, కానీ లెక్కలో ఉంది. చూపు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని తరువాతి పువ్వు మీదికి వెళ్తుంది.

ఖాళీని అందరికంటే శ్రద్ధగా లెక్కకట్టిన వాళ్ళు జపాన్ వాళ్ళు. వాళ్ళ ఇకెబానాలో సోగెత్సు అనే సంప్రదాయం ఉంది. 1927లో సోఫు తెషిగహారా అనే ఆయన మొదలుపెట్టారు. అందులో మొదటి పాఠానికి మూడే మూడు ముఖ్యమైన కొమ్మలు. ఒక వెడల్పాటి పళ్ళెం లాంటి గిన్నె తీసుకుంటారు. దాని వెడల్పు, లోతు కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు మొదటి కొమ్మ పొడవు. అందులో ముప్పాతిక రెండోది. దానిలో ముప్పాతిక మూడోది. మీ గిన్నె 24 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు అనుకోండి. మొత్తం 30. మొదటి కొమ్మ 45, రెండోది సుమారు 34, మూడోది సుమారు 25 సెంటీమీటర్లు. నిలువు నుంచి మొదటిది 15 డిగ్రీలు, రెండోది 45, మూడోది 75 డిగ్రీలు వంచి, మూడూ కాస్త మనవైపుకు వాలేటట్టు గుచ్చుతారు. మొదటివి రెండూ ఒక పక్కకు, మూడోది రెండో పక్కకు. అప్పుడు ఆ కొమ్మల మధ్య గాలి కూడా ఒక ఆకారం తెచ్చుకుంటుంది. ఇది కొలతలతో మొదలవుతుంది గానీ, పది సార్లు చేశాక కొలబద్ద అక్కరలేదు, కంటికే తెలిసిపోతుంది.

ఇక ఇంట్లో చేసి చూడటానికి ఒక చిన్న పని చెబుతాను. ఈ వారం సూపర్ మార్కెట్లో ఏ గుత్తి కొన్నా సరే. గమనించండి, ఆ గుత్తిలో కాడలన్నీ ఒకే పొడవుకు కోసి ఉంటాయి. అలాగే వేజులో పెడితే బస్టాపులో జనం నిలబడ్డట్టు ఉంటుంది. కాగితం విప్పి అన్నీ బల్ల మీద పరవండి. నీళ్ళలో మునిగే ఆకులు తీసేయండి. పూలను మూడు వాటాలు చేయండి: మొగ్గలు, సగం విచ్చినవి, పూర్తిగా విచ్చినవి. తోటలోంచో, నడకకు వెళ్ళిన చోట కింద పడ్డదో ఒక వంపు కొమ్మ సంపాదించండి. ముందు కొమ్మ పెట్టండి. ఆ కొమ్మ వంపు వెంట మొగ్గలు ఎత్తుగా, తరువాతవి కాస్త పొట్టిగా, బాగా విచ్చినవి అంచు దగ్గర పెట్టండి. అన్నిటి మొహాలూ మనవైపే తిప్పకండి, ఫొటోకు నిలబెట్టినట్టుంటుంది. కొన్ని పక్కకు, కొన్ని పైకి తిప్పండి. పువ్వు మొహం ఎటు ఉంటే చూపు అటు వెళ్తుంది. గాజు వేజు అయితే కాడలు కూడా కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకే వైపుకు ఏటవాలుగా, సర్పిలంలా తిరిగేటట్టు పెట్టండి.

అయిపోయాక రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు మూసి తెరవండి. చూపు ఎక్కడ మొదలైంది, ఎటు వెళ్ళింది, ఎక్కడ ఆగింది? ఆగిపోయిన చోట ఒక పువ్వు తీసేయండి. చాలాసార్లు సమస్య తీసేయడంతోనే తీరుతుంది, కలపడంతో కాదు. తీసిన పూలు ఇంకో గ్లాసులో పెట్టి దేవుడి దగ్గర ఉంచండి, వృథా పోవు.

అన్నట్టు, కాడలు నిలబడటానికి ఆకుపచ్చ స్పంజి దిమ్మ వాడతారు కదా. అది 1954లో అమెరికాలో పుట్టింది, ఒయాసిస్ పేరుతో ప్రపంచమంతా వెళ్ళింది. అది మట్టిలో కలవని ప్లాస్టిక్. నలిగితే సన్నని పొడై నీళ్ళలో కలుస్తుంది. అందుకే ఇక్కడి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని వద్దంది. దానికి బదులు కోళ్ళ గూళ్ళకు కట్టే వల తీగను ఉండచుట్టి వేజులో దూర్చండి. పళ్ళెం లాంటి గిన్నె అయితే జపాన్ వాళ్ళ కెంజాన్, అంటే ఇత్తడి మేకులున్న దిమ్మ, ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుంది. ఆ వల తీగ వాడకాన్ని ఈ దేశంలో బాగా ప్రచారం చేసిన ఆవిడ కాన్‌స్టాన్స్ స్ప్రై. 1886లో పుట్టి 1960లో పోయారు. ఖరీదైన పూలే పూలని అందరూ అనుకునే రోజుల్లో, కేల్ ఆకులు, కంచె పక్కన పెరిగే తీగలు, ఎండిన గింజల తలలు తెచ్చి గొప్పవాళ్ళ ఇళ్ళలో సర్దారు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూల పని ఆవిడకు అప్పగించారు. డబ్బు లేదని పూలు మానుకునే వాళ్ళకు ఆవిడ చెప్పిన జవాబు అదే: కళ్ళు తెరిచి చూస్తే కంచె పక్కనే ఉన్నాయి.

నిజంగా కదిలే పూలు కూడా ఉన్నాయండోయ్. ట్యూలిప్పులు కోశాక కూడా వేజులో పెరుగుతాయి, వెలుతురు వైపు వంగుతాయి. రాత్రి తిన్నగా పెడితే పొద్దున్నకు కిటికీ వైపు తిరిగి ఉంటాయి. ఇంతకు ముందు నాకు చిరాకు వేసేది, తీసి మళ్ళీ సర్దేదాన్ని. ఇప్పుడు వాటికి కాస్త చోటు వదిలేస్తాను. నేను మొదలుపెట్టిన గీతను అవి పూర్తి చేస్తాయి.

ఇక మొదట్లో చెప్పిన సంగతికి వస్తాను.

ఆంటీ పోయిన జనవరి చివర్లో వెళ్ళిపోయారు. ఎనభై ఎనిమిదేళ్ళు. వాళ్ళబ్బాయి మా ఇంటికి వచ్చి, దుకాణం నుంచి పూలు తేవద్దని అమ్మ రాసిపెట్టిందని, తోటలో ఏది ఉంటే అది చాలన్నదని, మీరు సర్దగలరా అని అడిగాడు. సరేనన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫిబ్రవరిలో ఇంగ్లండు తోటలో ఏముంటుంది? హేజెల్ చెట్టుకు గొలుసుల్లా వేలాడే పసుపు పూత. కంచె మీద ఐవీ తీగ. ఒక మూల డాఫోడిల్స్.

డాఫోడిల్స్ ఇరవై ఏడు కోశాను. వాటి కాడల్లోంచి జిగురు కారుతుంది, ఇతర పూలకు అది పడదు, అందుకని విడిగా ఒక బకెట్లో రాత్రంతా ఉంచాను. పొద్దున్నే ఆవిడే ఎప్పుడో ఇచ్చిన మట్టి గిన్నెలో సర్దడం మొదలుపెట్టాను. ఇరవై ఏడూ పెట్టేశాను. మా ఆయన చూసి, "ఇంకొన్ని కొనుక్కురానా? అంతమంది వస్తారు, తక్కువైతే బాగుండదేమో" అన్నారు. ఆయన తప్పు లేదు, నా మనసులోనూ అదే ఉంది. నాకు తిండి పెట్టి, పిల్లల్ని ఎత్తుకుని, పనులు నేర్పిన మనిషికి ఇంతేనా అని. రెండడుగులు వెనక్కి వేసి కళ్ళు మూసి తెరిచాను. పసుపు రంగు ముద్ద. చూపు దాని మీద పడి అక్కడే కూర్చుంది. నా మొదటి జెర్బెరాల వేజు లాగే.

అన్నీ తీసేశాను. హేజెల్ కొమ్మల్లో బాగా వంపు ఉన్నదాన్ని వెతికి కెంజాన్‌లో గుచ్చాను. ఆ బల్ల పెట్టె పక్కన ఉంటుందని తెలుసు కాబట్టి కొమ్మ కొస పెట్టె వైపుకు వాలేటట్టు పెట్టాను. ఏడే ఏడు డాఫోడిల్స్. కొమ్మ పక్కనే ఎత్తుగా రెండు మొగ్గలు, కింద సగం విచ్చినవి రెండు, అంచు దగ్గర విచ్చినవి మూడు. అన్నిటి మొహాలూ కొమ్మ వాలిన వైపుకే తిప్పాను. రెండో పక్కన ఐవీ తీగ గిన్నె అంచు దాటి బల్ల మీంచి కిందికి జారింది. మధ్యలో ఖాళీ అలాగే వదిలేశాను. వదలడానికి చేతిని బలవంతంగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మిగిలిన ఇరవై పూలను వాడేసిన పాల సీసాల్లో పెట్టి, తరువాత టీ ఇచ్చే హాలులో బల్లకు ఒకటి చొప్పున పెట్టాను.

శ్మశానవాటిక చాపెల్‌లో నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఏమనుకుంటారోనని గుండె దడదడలాడింది. ప్రార్థన అయ్యేదాకా వాళ్ళబ్బాయి ఆ గిన్నె వైపే చూస్తున్నాడు. వెళ్ళేటప్పుడు దాని దగ్గర ఆగి, కొమ్మ మొదలు నుంచి కొస దాకా గాలిలోనే వేలితో నెమ్మదిగా గీసుకుంటూ వెళ్ళి, ఆ వేలిని పెట్టె మీద ఆన్చాడు. నాతో ఏమీ అనలేదు. నేను ఏమీ అడగలేదు. చూపు నడిచిన దారి మాత్రం నాకు కనిపించింది.

అంతేనండీ. ఈ వారం మీ ఇంట్లో ఒక గుత్తి విప్పినప్పుడు, దానిలోంచి ఒక్క పువ్వు తీసేసి చూడండి. బతుకమ్మ పేర్చే రోజు మాత్రం నిండుగానే పేర్చండి, ఆ లయ చుట్టూ తిరిగే ఆడపడుచుల అడుగుల్లో పూర్తవుతుంది. వేజు దగ్గర తిరిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, ఆ కాస్త ఖాళీలో మీ చూపును తిరగనివ్వండి.